రైతుబిడ్డ ప్రసంగ దీపిక

అన్నా, గెలిచినందుకు శుభాకాంక్షలు. నేను మీకన్నా పాతికేళ్లు పెద్దవాణ్ణే, అయినా అన్నా అనే అంటాను. మన చిత్తూరు వైపు గెలిచినవాడు అన్న, ఓడినవాడు ఫలానా నాయుడో ఫలానా రెడ్డో. ఐదేళ్ల తర్వాత ఎట్లా పిలుచుకోవాలో అప్పుడు చూసుకుందాం.

అసెంబ్లీకి పోయేముందు మీరు బట్టీ పట్టవలసింది ఒక్కటే వాక్యం: "అధ్యక్షా, నేను రైతుబిడ్డను." వ్యవసాయ పద్దు మీద చర్చకూ ఇదే, మున్సిపాలిటీల బిల్లుకూ ఇదే, వాయిదా తీర్మానం తిరస్కరించినప్పుడూ ఇదే. మీకు బెంగళూరులో అపార్టుమెంట్లు, తిరుపతి బైపాసులో కల్యాణమండపం ఉన్నా ఇబ్బంది లేదు. తాత పేరుతో ఎక్కడో నాలుగెకరాల మెట్ట ఉంటే చాలు. ఆ వాక్యం అయ్యాక ముఖ్యమంత్రి గారికి ధన్యవాదాలు, ఇన్‌ఛార్జి మంత్రి గారికి ధన్యవాదాలు, మాట్లాడే అవకాశమిచ్చిన అధ్యక్షులకు ధన్యవాదాలు. అంతలో బెల్లు కొడతారు. "ఒక్క నిమిషం అధ్యక్షా" అనండి. మైకు కట్టయ్యాక కూడా చెయ్యి ఊపుతూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండండి. వీడియోలో మాట వినిపించదు, ఆవేశం కనిపిస్తుంది. దాని మీద పాట మనవాళ్లు వేసుకుంటారు.

బిల్లు చేతికిస్తే

తీసుకోండి, కళ్లకద్దుకోండి, పక్కన పెట్టండి. చదవొద్దు. చదివినవాళ్లు ఏం బావుకున్నారో చూడండి. కేంద్రం 2020 జూన్ 5న సాగు మీద మూడు ఆర్డినెన్సులు తెచ్చింది. సెప్టెంబరులో వాటి స్థానంలో బిల్లులొచ్చాయి. 20వ తేదీన రాజ్యసభలో రెండు బిల్లులు గందరగోళం మధ్య మూజువాణి ఓటుతో గట్టెక్కాయి. రైతులు ఏడాది పాటు ఢిల్లీ సరిహద్దుల్లో చలికీ ఎండకూ కూర్చున్నారు. 2021 నవంబరు 29న ఆ మూడు చట్టాలనూ రద్దు చేసే బిల్లు ఉభయసభల్లో ఒకే రోజు, చర్చ లేకుండా పాసైంది. పెట్టినప్పుడు చదివినవాడి చదువూ వృథా, తీసేసినప్పుడు చదివినవాడి చదువూ వృథా. రెండుసార్లూ చదవకుండా బల్ల చరిచినవాడికి ఒక్క పూట నిద్ర కూడా చెడలేదు.

అంత దూరం ఎందుకు? మన ల్యాండ్ టైటిలింగ్ చట్టం 2023లో వచ్చింది, 2024 ఎన్నికల్లో ఊరూరా దాని మాటే, జూలైలో కొత్త సభ దాన్ని రద్దు చేసింది. చట్టంలో ఏ సెక్షన్ ఏమంటోందని టీ అంగడి దగ్గర వాదించుకోవడానికి జనానికి తీరిక ఉంటుంది. మీకు ఉండకూడదు.

ఒకవేళ మీ చేతి దురద కొద్దీ సొంతంగా బిల్లు పెడదామనిపిస్తే ఒక లెక్క గుర్తు తెచ్చుకోండి. స్వతంత్రం వచ్చినప్పటి నుంచి పార్లమెంటులో ప్రైవేటు సభ్యులు పెట్టిన బిల్లుల్లో చట్టాలైనవి 14. చివరిది 1970లో. అప్పటికి మీరు పుట్టలేదు.

ఇంకో కిటుకు. చట్టమంటే పై అట్ట మాత్రమే. అసలు సరుకు "ప్రభుత్వం నిర్దేశించిన రీతిలో" అన్న మూడు మాటల వెనకాల ఉంటుంది. ఆ రీతి ఏమిటో నెలల తర్వాత జీవోలో తెలుస్తుంది. ఆ జీవో సభకు వచ్చినా, బల్ల మీద ఉంచిన కాగితాల కట్టలో ఎక్కడో అడుగున ఉంటుంది. కట్ట విప్పకండి. విప్పితే ఏమవుతుందో చెబుతాను. కౌలు రైతులకు కార్డులివ్వడానికి 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. కార్డుంటే పంట రుణం, బీమా, నష్టపరిహారం. కార్డు రావాలంటే 11 నెలల ఒప్పందం మీద భూమి యజమాని సంతకం పెట్టాలి. భూమి ఎక్కడ చేజారుతుందోనని సంతకం పెట్టడానికి యజమాని వెనకాడతాడు. అందుకే సభలో కౌలు రైతు కన్నీళ్ల గురించి ఎంతసేపైనా మాట్లాడండి, ఆ సంతకం గురించి మాత్రం ఎత్తకండి. సంతకం పెట్టని యజమానుల్లో మీ బావమరిది ఉంటాడు, మండల పార్టీ అధ్యక్షుడు ఉంటాడు, ఎన్నికల్లో మీకు జీపులు పెట్టినాయన ఉంటాడు. కన్నీళ్లకు యజమాని ఎవరూ ఉండరు.

పాతవాళ్ల ఫొటోలు

మన ప్రాంతంలో చట్టసభల చరిత్ర వెతికితే ఇద్దరు ప్రమాదకరమైన మనుషులు తగులుతారు. ఒకరు ప్లీడరు మాడభూషి అనంతశయనం అయ్యంగార్. మొదటి లోక్‌సభలో డిప్యూటీ స్పీకర్, 1956లో మావలంకర్ పోయాక స్పీకర్. నిబంధనల పుస్తకం చేతిలో పట్టుకుని సభ నడిపిన మనిషి. 1962లో చిత్తూరు నుంచి గెలిచి కూడా బీహార్ గవర్నరుగా వెళ్లిపోయారు. ఆ ఖాళీలో ఉపఎన్నిక వస్తే గెలిచింది రెండో ఆయన, ఆచార్య ఎన్.జి. రంగా. నిడుబ్రోలు రైతు కుటుంబం, ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రం. సహకార వ్యవసాయం పేరుతో రైతు భూమి మీద రైతు పట్టు పోతుందని కాంగ్రెస్‌తో తెగదెంపులు చేసుకుని, 1959లో రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టారు. ఆయన రైతు అన్నప్పుడు సొంత పొలమున్న రైతే ముందు కనబడేవాడని, కౌలుదారూ కూలీ వెనక వరుసలో ఉండిపోయారని విమర్శ ఉంది, అందులో నిజమూ ఉంది. కానీ ఆయన "రైతుబిడ్డను" అని ఊరుకునే రకం కాదు. అప్పు, ధర, పన్ను, భూమి హక్కు అని నాలుగు వైపుల నుంచీ నిలదీసే రకం.

కాబట్టి జయంతికి దండ వేయండి, ఫొటో దిగండి. ఆయన పేరున్న విశ్వవిద్యాలయం కింద తిరుపతిలో 1961 నాటి వ్యవసాయ కళాశాల ఉంది. స్నాతకోత్సవానికి పిలిస్తే పోండి. అక్కడి శాస్త్రవేత్తలు ఏదైనా పరిశోధన గురించి చెప్పబోతే "రైతుకు అర్థమయ్యే భాషలో చెప్పండి" అని మందలించండి. చప్పట్లు పడతాయి. వాళ్లు చెప్పబోయింది మీకు అర్థం కాలేదన్న సంగతి చప్పట్లలో కొట్టుకుపోతుంది.

మామిడి

మన వైపు ఎమ్మెల్యేగా ఉండి మామిడి నుంచి తప్పించుకోలేరు. బంగారుపాళ్యం, దామలచెరువు, పూతలపట్టు, గంగాధర నెల్లూరు, ఎటు పోయినా తోతాపురి తోటలే. ఈ కాయను కోసి పళ్లెంలో పెట్టి తినేవాళ్లు తక్కువ. ఇది జ్యూస్ ఫ్యాక్టరీకి పోయే కాయ. గుజ్జు తీసి, క్రిములు చేరని సంచుల్లో నింపి, డ్రమ్ముల్లో పెట్టి చెన్నై ఓడరేవుకు పంపుతారు. కొంత ఇక్కడి కూల్‌డ్రింకు కంపెనీలకు పోతుంది. సుమారుగా రెండు టన్నుల కాయకు ఒక టన్ను గుజ్జు.

జూన్‌లో ఒకసారి ఫ్యాక్టరీ గేటు దగ్గరికి తప్పకుండా పోవాలి. పోయేముందు ఏం చూస్తారో తెలుసుకోండి. ట్రాక్టర్ల వరుస గేటు దగ్గర మొదలై మలుపు తిరిగి చింతచెట్ల కింద నుంచి ఎక్కడికో పోయి ఉంటుంది. ట్రాలీలో పైవరుస కాయ ఎండకు రంగు తిరిగి ఉంటుంది. అడుగు వరుస పైబరువుకు నలిగి, పలకల సందుల్లోంచి రసం తారు మీద బొట్లు బొట్లుగా పడుతుంటుంది. ఈగలు. డ్రైవరు వెనక టైరు నీడలో తువ్వాలు పరుచుకుని పడుకుని ఉంటాడు. ట్రిప్పు లెక్కన మాట్లాడుకున్న బాడుగ రెండో రోజు నుంచి రోజు లెక్కకు మారుతుంది. రైతు చొక్కా జేబులో టోకెన్ చెమటకు మెత్తబడి అంకె అలుక్కుపోయి ఉంటుంది. వరుస తట్టుకోలేనివాడు ట్రాక్టరు తిప్పుకుని దగ్గర్లోని కొనుగోలు ర్యాంపులో దళారీ చెప్పిన ధరకు పోసేసి పోతాడు. వేబ్రిడ్జి మీద తరుగు తీస్తారు. ఎంత తీశారన్నది అడిగేలోగా వెనక ట్రాక్టరు హారను కొడుతుంది.

మీరు తెల్ల చొక్కాతో పోతారు కనక రసం కారని వైపు నిలబడండి. ఒక కాయ చేతిలోకి తీసుకుని బరువు చూస్తున్నట్టు ఆడించండి. పక్కనే ఉన్న అధికారితో గట్టిగా, కెమెరాకు వినపడేటట్టు "ఎందుకు లేటవతా ఉంది?" అనండి. జవాబు వినకముందే కారెక్కండి.

ఇక ధర. 2025లో ఏం జరిగిందో అందరికీ తెలుసు. కాయ విరగ్గాసింది, నిరుటి గుజ్జు ఇంకా గోడౌన్లలోనే ఉంది, ఫ్యాక్టరీలు కొనడానికి వెనకాడాయి. ప్రభుత్వం కిలోకు 12 రూపాయలని ప్రకటించింది: 8 పరిశ్రమ ఇవ్వాలి, 4 ప్రభుత్వం ఇస్తుంది. ఇందులో మీరు నేర్చుకోవలసిన విద్య కూడిక. ఎప్పుడూ "12" అనే చెప్పాలి. ఎనిమిది ప్లస్ నాలుగు అని విడదీశారా, ఎవరో ఒకరు లేచి "నాలుగు వచ్చింది, ఎనిమిది యాడ?" అంటారు. ఆ ఏడాది చివర్లో రైతులు కలెక్టరేటు దగ్గర అడిగింది సరిగ్గా అదే. ఫ్యాక్టరీలు ఒప్పుకున్న ఎనిమిది ఇవ్వలేదని, ఇచ్చినచోట కూడా తక్కువ ఇచ్చారని, నెలల తరబడి తిప్పుకున్నారని. మీరు మాత్రం 12 దగ్గరే ఉండండి.

ప్రతిపక్షంలో ఉన్నా దిగులు లేదు. 2025 జూలై 9న మాజీ ముఖ్యమంత్రి బంగారుపాళ్యం యార్డుకు వచ్చారు, రోడ్డు మీద కాయలు పడ్డాయి, కేసులు నమోదయ్యాయి. ఆ తర్వాత కొన్నాళ్లు మాటంతా తోటలో ఉన్న కాయ గురించి కాదు, రోడ్డు మీద పడ్డ కాయ ఎవరిదన్న దాని గురించే. అటువైపుకూ ఇటువైపుకూ అంత సుఖమైన చర్చ మళ్లీ దొరకదు.

సరిహద్దు

అదే వేసవిలో ఇంకో ముచ్చట. పలమనేరు వైపు పొలాల మీద పడుతున్న అడవి ఏనుగులను అదుపు చేయడానికి కర్ణాటక మనకు నాలుగు కుంకీ ఏనుగులను ఇచ్చింది. 2025 మే 21న బెంగళూరు విధానసౌధ దగ్గర ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి స్వయంగా అప్పగించారు, మన ఉపముఖ్యమంత్రి అందుకున్నారు. మూడు వారాలు తిరక్కముందే, జూన్ 7న, కర్ణాటక తోతాపురి చిత్తూరు జిల్లాలోకి రాకూడదని ఇక్కడి కలెక్టరు ఉత్తర్వు ఇచ్చారు. చెక్‌పోస్టుల్లో బండ్లు ఆపారు. కోలారు, శ్రీనివాసపురం రైతు ఏళ్ల తరబడి మన ఫ్యాక్టరీలకే కాయ తోలేవాడు. అక్కడి ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి ఉత్తరం రాశారు.

ఏనుగులు దాటొచ్చు, కాయ దాటకూడదు.

ఈ విషయంలో మీ సలహాదారుగా నా మాట: రాజ్యాంగం తెరవకండి. తెరిస్తే 301వ అధికరణం దగ్గర తెరుచుకుంటుంది. దేశమంతటా వ్యాపారం, రాకపోకలు స్వేచ్ఛగా ఉండాలంటుంది అది. 304 ఇంకా మొండిది: ప్రజాప్రయోజనం కోసం రాష్ట్రం ఆంక్షలు పెట్టొచ్చు గానీ శాసనసభలో చట్టం చేయాలి, ఆ బిల్లుకు రాష్ట్రపతి ముందస్తు అనుమతి కావాలి అంటుంది. అంటే ఈ పని మీ చేత, మీ సభలో, మీ ఓటుతో జరగాలని రాసిపెట్టారు. కలెక్టరు సంతకంతో అయిపోయేదానికి మీరెందుకు శ్రమపడాలి? మన రైతును కాపాడుకోవాలన్న ఆత్రం తప్పని నేననను. ధర పడిపోయిన రోజు ఇంటి ముందు పోసిన కాయను చూస్తూ రాజ్యాంగ సూత్రాలు వల్లించడం ఎవరికీ చేతకాదు. కాకపోతే రేపు మన టమోటా బండిని కోలారు దగ్గర ఆపితే అప్పుడు కూడా 301 తెరవకుండా ఉండగలగాలి. అది సాధన చేయండి.

ట్రేడ్ ఫైనాన్స్ అనే మాట ఎవరైనా తెస్తే

"బ్యాంకర్ల సమావేశంలో మాట్లాడదాం" అనండి. అయినా వదలకపోతే రుణమాఫీ వైపు మళ్లించండి. ఆ దారిలో మీకు అన్ని మైలురాళ్లూ తెలుసు.

కానీ ఏం అడగకూడదో తెలియాలంటే సంగతి కొంచెమైనా తెలియాలి. అందుకని చెబుతున్నా, మనసులో పెట్టుకోకండి.

నెదర్లాండ్స్‌లోనో సౌదీలోనో ఒక కంపెనీకి మన గుజ్జు కావాలి. వాళ్ల బ్యాంకు ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్) తెరుస్తుంది: ఓడకెక్కించిన బిల్లు, ఇన్‌వాయిసు, సరుకు ఏ దేశానిదో చెప్పే సర్టిఫికెట్, ల్యాబ్ రిపోర్టు, ఇవి చూపించు, ఇంత సొమ్ము చెల్లిస్తాం అని. ఈ ఎల్‌సీలకు ప్రపంచమంతటా దాదాపు ఒకటే నియమావళి, యూసీపీ 600 అంటారు, 2007 జూలై నుంచి నడుస్తోంది. కాగితాలు చేరాక అవి సరిగ్గా ఉన్నాయో లేవో తేల్చడానికి బ్యాంకుకు ఐదు పనిదినాలు గడువు. సరుకు తీపా పులుపా అన్నది బ్యాంకుకు అక్కర్లేదు, కాగితం చూస్తుంది.

ఆ ఆర్డరు చేతిలో ఉంటే ఇక్కడి బ్యాంకు ఫ్యాక్టరీకి ప్యాకింగ్ క్రెడిట్ ఇస్తుంది. ఓడ ఎక్కకముందే ఇచ్చే అప్పు. ఎందుకు? ముడిసరుకు కొనడానికి. ముడిసరుకు అంటే ఏమిటి? కాయ. విదేశంలో కొన్నవాడు ఎగ్గొడితే ఆదుకోవడానికి 1957 నుంచి ఈసీజీసీ అని ప్రభుత్వ బీమా సంస్థ ఉంది. ఎగుమతిదారు కట్టే వడ్డీలో కొంత కేంద్రమే భరించే పథకం 2015 ఏప్రిల్ నుంచి 2024 డిసెంబరు దాకా నడిచింది. ఫ్యాక్టరీకి డ్రమ్ములు, అట్టపెట్టెలు సరఫరా చేసే చిన్న పరిశ్రమకు కూడా 2006 నాటి చట్టం అండ ఉంది: 45 రోజులు దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ.

ఇక రైతు. ఆయన చేతిలో వేబ్రిడ్జి చీటీ ఉంటుంది. తేదీ, బండి నంబరు, బరువు. ధర రాసి ఉంటే అదృష్టం. ఎప్పటిలోగా చెల్లిస్తారన్నది రాసిన చీటీ నాకు కనబడలేదు. కాయ తోలిన రోజు నుంచి దుడ్లు వచ్చే రోజు దాకా ఆ కాయ విలువను అప్పుగా ఇచ్చినవాడు ఆయనే. వడ్డీ లేదు, హామీ లేదు, బీమా లేదు. ఓడ బిల్లు నుంచి అట్టపెట్టె దాకా అందరికీ గడువున్న ఈ వ్యాపారంలో గడువు లేని బ్యాంకరు ఆయనొక్కడే.

లెక్క వేయకండి అని చెప్పడానికే ఒక లెక్క వేసి చూపిస్తాను. పది టన్నుల కాయ, కిలో 8 రూపాయలు, 80 వేలు. ఆ డబ్బు ఆరు నెలలు ఆగింది. ఈలోగా ఎరువుకో, పిల్ల కాలేజీ ఫీజుకో రైతు బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు. ఆరు నెలలకు 9,600. అంటే కిలోకు 96 పైసలు. ఎనిమిది రూపాయలు చేతికి వచ్చేసరికి ఏడు. ఈ రూపాయిని తగ్గించిన జీవో ఏదీ లేదు, తగ్గించినట్టు ఎవరూ ప్రకటించలేదు, అందుకే దీని గురించి సభలో ఎవరూ అడగరు. మీరూ అడగకండి.

ఫ్యాక్టరీ యజమాని కూడా మీ దగ్గరికి వస్తాడు. నిరుటి గుజ్జు అమ్ముడుపోలేదు, యుద్ధాల వల్ల ఆర్డర్లు తగ్గాయి, బ్యాంకు లిమిట్ నిండిపోయింది అంటాడు. ఆయన చెప్పేది అబద్ధం కాదు. ఆయనను లోపలి ఏసీ గదిలో కూర్చోబెట్టి ఓపికగా వినండి. గుజ్జు మీద జీఎస్టీ తగ్గించాలని అడుగుతాడు. 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం 5 అయింది, సీజన్ అయిపోయి తోటలో ఆకులు తప్ప ఏమీ మిగలని రోజుల్లో. ఆ విజయాన్ని మీ ఖాతాలో వేసుకోండి. తగ్గిన ఏడు శాతంలో కాయకు ఎంత చేరిందని అడిగేవాడు ఆ సమయానికి గదిలో ఉండడు.

ఒక్క ప్రమాదం ఉంది. కాయ వారం ఆగదు, గుజ్జు సంచిలో ఏడాదికి పైగా ఆగుతుంది. బేరమాడే బలమంతా సంచి ఉన్నవాడిది. ఎవడో చదువుకున్న కుర్రాడు రైతు సంఘం తరఫున వచ్చి, "మేమే కూలిచ్చి గుజ్జు ఆడించుకుంటాం సార్, డ్రమ్ములు గోడౌన్‌లో పెట్టి ఆ రసీదు మీద అప్పు తెచ్చుకుంటాం, గోడౌన్ రసీదులకు 2007లోనే చట్టముంది కదా, ఆ అప్పుకు మీరు ప్రభుత్వ హామీ ఇప్పించండి" అంటాడు. వాడికి వెంటనే పార్టీలో పదవి ఇవ్వండి. ఐటీ విభాగం మంచిది.

చెరుకు గురించి ఎవరూ గుర్తు చేయకుండా చూసుకోండి

ఎందుకంటే చెరుకుకు గడువుంది. 1966 నాటి చెరుకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరుకు తోలిన 14 రోజుల్లో ఫ్యాక్టరీ డబ్బు కట్టాలి, లేకుంటే ఏడాదికి 15 శాతం వడ్డీ. ఆరు దశాబ్దాల కిందటే ఒకరు కూర్చుని, తీపి పంట రైతు ఎన్ని రోజులు ఆగగలడో లెక్కగట్టి, అంకె వేసి రాశారు. దీన్ని ఎవరైనా సభలో మామిడి పక్కన పెట్టి చదివితే మీ రైతుబిడ్డ వాక్యానికి పని ఉండదు.

అట్లాంటి రోజు వస్తే జవాబు కూడా చెబుతాను. "చట్టం ఉండి చెరుకు రైతుకు ఏం ఒరిగింది?" అనండి. ఈ జవాబులో పస ఉంది. చిత్తూరు సహకార చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది. రేణిగుంట దగ్గర గాజులమండ్యం ఎస్వీ సహకార చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది. ప్రైవేటు ఫ్యాక్టరీల బకాయిల కోసం రైతులు ఏళ్ల తరబడి కలెక్టరేటు మెట్లెక్కారు. 14 రోజులన్నది పుస్తకంలో 14గానే ఉంది. చాలామంది గానుగ పెట్టి బెల్లం వండుకున్నారు. నల్లబెల్లమైతే సారా బట్టీలకు పోతోందని దాని మీదా నిఘా. ఇదంతా చెప్పి కూర్చోండి. గడువు రాసి అమలు చేయకపోవడం వేరు, అసలు గడువే రాయకపోవడం వేరు అని వెనక బెంచీలో ఎవరైనా గొణిగితే వినపడనట్టు ఉండండి. బకాయిదారు ఆస్తి జప్తు చేయించే అధికారం ఎవరి చేతిలో ఉంది, దాన్ని ఎందుకు వాడలేదు అని తర్వాతి ప్రశ్న వస్తుంది. అప్పటికి మీరు క్యాంటీన్లో ఉండాలి.

మిగతావి

టమోటా గురించి ఎక్కువ శ్రమ అక్కర్లేదు. ఎన్నికలకోసారి టమోటా గుజ్జు ఫ్యాక్టరీ హామీ ఇవ్వండి. కూరకు వాడే మన హైబ్రిడ్ కాయలో నీళ్లెక్కువ, గుజ్జుకు పనికొచ్చే రకం వేరు, ముందు విత్తనం మారాలి, రైతుతో ముందే ధర ఒప్పందం కావాలి అని హార్టికల్చర్ ఆఫీసరు అంటే ఆయనను బదిలీ చేయించండి. 2023 జూలై ఆఖరులో మదనపల్లెలో కిలో రెండు వందల దరిదాపుల్లోకి పోయింది, సెప్టెంబరు వచ్చేసరికి పది రూపాయల చుట్టూ తిరిగింది. రెండు వందలున్నప్పుడు వినియోగదారుల పక్షాన, పది ఉన్నప్పుడు రైతు పక్షాన మాట్లాడండి. మండీలో బాక్సుల లెక్కలో కొన్నింటిని "జాక్‌పాట్" అని ఉచితంగా మినహాయించుకునే పద్ధతి గురించి మాత్రం ఏ ధర దగ్గరా మాట్లాడకండి. మండీ వాళ్లు అన్ని పార్టీల సభలకూ కుర్చీలు వేయిస్తారు.

గిట్టుబాటు ధర అనండి, స్వామినాథన్ పేరు ఒక్కసారైనా రావాలి. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల్లో వేరుశనగ ఉంది గానీ మామిడీ టమోటా లేవన్న సంగతి ప్రసంగంలో ఇమడదు. పాడి గురించి అడిగితే 2002లో మూతబడ్డ చిత్తూరు డెయిరీని తలుచుకుని నిట్టూర్చండి. ఎవరి హయాంలో, ఎందుకు అని అడిగితే అవతలి పార్టీ వైపు చూడండి. వాళ్లు కూడా మీ వైపే చూస్తుంటారు.

ఆఫీసులో

సోమవారం ఉదయం మీ ఆఫీసు వరండాలో ఒక మనిషి ఉంటాడు. పంచె, భుజాన తువ్వాలు, ప్లాస్టిక్ కవర్లో చీటీలు. "నాయనా, కాయ తోలి ఆర్నెల్లాయె. నా దుడ్లు ఎప్పుడొస్తాయి?" అంటాడు. కాఫీ ఇప్పించండి. పీఏ చేత చీటీలు జిరాక్సు తీయించండి. ఆయన ముందే స్పీకర్ ఫోన్‌లో అధికారికి ఫోన్ చేసి "ఏమయ్యా, రైతులను ఏడిపిస్తారా?" అనండి. తేదీ మాత్రం అడగకండి. తేదీ అడిగితే అవతల వాళ్లు తేదీ చెబుతారు, ఆ తేదీ వస్తుంది, ఆయన మళ్లీ వస్తాడు.

చివరగా ఒక కాగితం. ఇది నక్షత్రం గుర్తు ప్రశ్న. మీ సంతకంతో అసెంబ్లీ కార్యాలయానికి చేరితే మంత్రి గారు సభలో నిలబడి జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలూ వస్తాయి. ఎవరైనా దీన్ని మీ ఫైళ్ల మధ్యలో దూర్చితే గుర్తుపట్టడానికి వీలుగా పూర్తి పాఠం ఇస్తున్నాను:

(అ) 2025 సీజనులో చిత్తూరు, తిరుపతి జిల్లాల గుజ్జు పరిశ్రమలు రైతుల నుంచి కొన్న తోతాపురి ఎన్ని టన్నులు;
(ఆ) అందులో కిలోకు 8 రూపాయల చొప్పున పూర్తిగా చెల్లించినది ఎంత, కాయ తోలిన నాటి నుంచి ఎన్ని రోజులకు;
(ఇ) ఆలస్యమైన సొమ్ము మీద వడ్డీ ఎవరు భరిస్తారు;
(ఈ) చెరుకుకున్నట్టు మామిడికీ చెల్లింపు గడువు, వడ్డీ నిర్ణయించే బిల్లు ప్రభుత్వ పరిశీలనలో ఉన్నదా, లేనిచో కారణాలేమిటి?

పొరపాటున సంతకం పడిపోతే సాయంత్రంలోగా ఫోన్ చేయండి అన్నా. వెనక్కి తీసుకునే ఉత్తరం కూడా టైపు చేయించి పెట్టాను, తేదీ ఒక్కటే రాసుకోవాలి.